మా ఆడబిడ్డ మిషిన్ చీరను బాగుందన్న రోజు

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఎవరూ ముట్టరు. అది దేవుడి మీద భక్తో, నడుము నొప్పి మీద భయమో నాకు తెలియదు కాని, ఆ ఒక్క రోజు గద్వాలలో నేతగాళ్ళ ఇళ్ళన్నీ చప్పుడు చేయకుండా ఉంటాయి. మగ్గాల సంగతి చెబుతున్నాను, మనుషుల సంగతి కాదు. నెల పొడుగునా మగ్గం చప్పుడులో మునిగిపోయిన కొట్లాటలన్నీ అమావాస్య నాడే పైకి తేలుతాయి. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో, ఎవరింట్లో ఉప్పు ఎక్కువైందో, వీధి మొత్తానికి ఆ రోజే తెలుస్తుంది.

మొన్నటి ఎండాకాలం చివర వచ్చిన అమావాస్య నాడు నేను తలకు నూనె పెట్టుకొని, గడపలో కూర్చొని పల్లీలు ఒలుస్తున్నాను. గోడ అవతల మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడింది. గోడ అవతల ఉండేది మా ఇంటాయన చెల్లెలు, అంటే నా ఆడబిడ్డ. మా అత్త కూతురిని ఎంత దూరం ఇచ్చిందంటే, ఇక్కడ తాళింపు వేస్తే అక్కడ తుమ్ములు వచ్చేంత దూరం.

మా ఇంటాయనకు అవకాశం దొరికింది.

"విన్నవా? కష్టపడెటోళ్ళకు అమావాస్య లేదు, పున్నమి లేదు. నువ్వు పొద్దుగాల నుంచి గవే పల్లీలు ఒలుస్తున్నవ్. సగం నోట్లెనే ఏసుకుంటున్నవ్."

"మీ చెల్లెకు ఆశ వట్టింది, గంతే. పోయి అడిగొస్త ఆగు" అని లేచాను.

అడగడానికి కాదు, తిట్టడానికే పోయాను. ఇది కొంచెం విప్పి చెప్పాలి. మా దగ్గర వదినెకు, ఆడబిడ్డకు మధ్య మర్యాద ఉండకూడదు. ఉన్నదంటే ఏదో తగాదా నడుస్తున్నట్టే లెక్క. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజు, గౌను వేసుకున్న ఈ పిల్ల రెండు చేతులూ చాపి గడపకు అడ్డం నిలబడింది. మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తానన్నది. నేను సిగ్గుపడుతూ చెప్పాను. "వినవడలె, మల్ల చెప్పు" అన్నది. మళ్ళీ చెప్పాను. "గీ గొంతుతోని పిలిస్తే మా అన్న రాడు, కాకులొస్తయి" అన్నది. అప్పుడు ముట్టించిన మంట ఇప్పటిదాకా ఆరలేదు. నేను చదివింది మూడో తరగతి, ఆమె చదివింది ఐదు. ఆ రెండు తరగతుల తేడాతోనే ఆమె నన్ను ఇన్నేళ్ళు ఏలింది. "మూడో క్లాసు మొగమా" అని పిలిస్తే వీధిలో అందరికీ అది నేనే అని తెలుసు. నేనూ తక్కువ తినలేదు. ఆమె పెట్టిన మామిడికాయ తొక్కుకు నేను పెట్టిన పేర్లు ఇక్కడ రాస్తే ఈ కాగితం పాడవుతుంది.

వాకిట్లో నిలబడి మొదలుపెట్టాను.

"ఏమే పిల్లా, అమావాస్య నాడు గూడ నేస్తున్నవ్. ఏం, కోట కడ్తవా? గద్వాలల ఒక కోట ఉండనే ఉండె గదనే."

ఆమె తల ఎత్తలేదు. "అవ్ వదినె. నేయొద్దు. తప్పే" అన్నది. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె మాత్రం ఆపలేదు.

ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాను. "నీ మొగం చూస్తే గా మగ్గం గూడ ఏడుస్తుంది, ఎరుకేనా?"

"నిజమే వదినె."

కోలాటంలో ఎదుటి మనిషి కర్ర దించేస్తే మన కర్ర గాలిలో ఉండిపోతుంది చూడండి, నా నోరు అట్లా ఉండిపోయింది. వచ్చిన దారినే ఇంటికి వచ్చాను.

ఇంట్లో చెబితే మా అత్త సంతోషపడింది. "ఇన్నేండ్లకన్న నా బిడ్డ మర్యాద నేర్చింది. నువ్వెప్పుడు నేరుస్తవో" అన్నది. మా ఇంటాయన కూడా తల ఊపాడు. మనిషి కుదురుకున్నదని ఇద్దరూ తేల్చేశారు.

కుదురుకోలేదు. తరువాత రోజుల్లో నేను గమనిస్తూ వచ్చాను. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. అన్నం కలుపుతుంది, కలిపి కలిపి గిన్నె పక్కకు జరుపుతుంది. నల్లా దగ్గర బిందెల వరుసలో తన ముందుకు ఎవరు దూరినా ఊరుకుంటున్నది. మా వీధి నల్లా దగ్గర ఊరుకున్న ఆడమనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

మా ఇంటాయనను పంపాను. ఎంతైనా తోడబుట్టినవాడు. ఆయన పోయి గుమ్మంలో నిలబడి, "బాగున్నవానే?" అన్నాడు. "బాగున్న అన్న" అన్నది ఆమె. "సరే" అని వెనక్కి తిరిగి, చెప్పులు విప్పకుండానే వచ్చేశాడు.

"అడిగిన. బాగున్నదంట" అని నాకు చెప్పి టీవీ పెట్టుకున్నాడు. మగవాళ్ళ పరామర్శ అక్కడికి పూర్తయింది.

మా అత్త తన వైద్యం తాను చేసింది. ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకొని పోయి కూతురికి దిష్టి తీసి నిప్పుల మీద వేసింది. నేను దగ్గాను, మా ఇంటాయన దగ్గాడు, ఎదురింటి మేక కూడా దగ్గింది. మా అత్త కండ్లల్లో నీళ్ళు కారుతుండగా, "ఘాటే రాలె చూడు. గంత దిష్టి ఉండె నా బిడ్డకు" అన్నది.

ఇవన్నీ చూసి నేను నవ్వుకోగలిగాను. నవ్వు పోయింది చీర రోజు.

నా ఆడబిడ్డ మొగుడు, నాకు వరుసకు అన్న, పుట్టింది నేతగాళ్ళ ఇంట్లోనే కాని మగ్గం కింది గుంటలో కాళ్ళు పెడితే తిమ్మిరెక్కుతాయని చిన్నప్పుడే మగ్గం దిగి పారిపోయాడు. సరుకుల ఆటో నడుపుతాడు. కృష్ణకు ఈ గట్టున మల్దకల్ నుంచి ఆ గట్టున నాగర్‌కర్నూల్ దాకా పల్లీల మూటలు, ఉల్లిగడ్డల మూటలు తిప్పుతాడు. మంచివాడు. పెండ్లాం దిగులుగా ఉన్నదని ఆయనకూ అర్థమైంది. ఏం చేయాలో ఆయనకు తోచిన పని చేశాడు. నాగర్‌కర్నూల్‌లో ఒక బట్టల దుకాణానికి పోయి, గద్వాల చీర కొని, గద్వాలకు తెచ్చి, గద్వాల చీర నేసే పెండ్లానికి ఇచ్చాడు.

అదీ మిషిన్ చీర.

అది ఎంత పెద్ద తప్పో మీకు తెలియాలంటే మా వాళ్ళ గుణం ఒకటి చెప్పాలి. మా చీరకు నడుమ నూలు ఉంటుంది, అంచుకు పట్టు ఉంటుంది. ఆ రెండింటినీ పోగు పోగు ముడివేసి కలపాలి. చీర చేతిదో మిషిన్ దో ఆ కలిపిన చోట వెనక వైపు చూస్తేనే తెలుస్తుంది. అందుకని మా ఆడవాళ్ళు పెండ్లికి పోయినా, చావుకు పోయినా, పక్కామె కొంగు తిప్పి వెనక వైపు చూడకుండా ఉండలేరు. నా ఆడబిడ్డ ఇందులో అందరికంటే ముందు. మల్దకల్ గుడిలో దర్శనం వరుసలో నిలబడి, ముందున్న ఆమె కొంగు తిప్పి చూసి, "మిషిన్ దే" అని నా చెవిలో చెప్పింది. ఆమె చెవిలో చెబితే వెంకటేశ్వరస్వామికి కూడా వినబడుతుంది.

అందుకని అన్న చీర కవరు పట్టుకొని వచ్చాడని తెలియగానే మేమంతా పోయి చేరాం. ఈ రోజు ఆయన పని అయిపోయింది, చూడాల్సిందే అనుకున్నాం. మా అత్త అయితే కూర్చోవడానికి పీట కూడా వెంట తెచ్చుకుంది.

ఆమె కవరు విప్పింది. చీర మీద చెయ్యి పెట్టింది.

"అసలు గద్వాలే అని చెప్పిండు షాపాయన" అన్నాడు అన్న.

"బాగుంది" అన్నది ఆమె. "ఎందుకు ఖర్చు" అన్నది. మడత పెట్టి పక్కన పెట్టింది.

వెనక వైపు తిప్పి చూడలేదు.

అన్న ముఖం వెలిగిపోయింది. మా అత్త పీట మీద నుంచి లేచి, చూడవచ్చిన ఆట ఆడకుండా పోయినట్టు, పీట పట్టుకొని వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఈ మనిషి ఇక్కడ కూర్చొని ఉంది కాని ఇక్కడ లేదు అనిపించింది. ఉన్న ఈ కాస్త మనిషి కూడా ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఎట్లా అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం, అన్న ఆటో తీసుకొని పోయాక, నేను పోయి మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. మాకు తిట్టుకోవడమే భాష. తిట్లు ఆమె తీసుకోవడం లేదు. సరే, మంచిగా మాట్లాడి చూద్దామని, టీవీ సీరియల్‌లో తల్లులు మాట్లాడినట్టు ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను.

"బంగారు తల్లీ, నీ మనసుల ఏమున్నదో నాకు చెప్పు నాయనా."

ఆమె నాడె ఆపి నా దిక్కు చూసింది. "నీకేమైంది వదినె? పాణం మంచిగనే ఉందా?" అన్నది. నా గురించి భయపడింది. నేను చెయ్యి తీసేశాను.

ఇంక ముసుగులో గుద్దులాట ఎందుకని అడిగేశాను.

"సచ్చిపోవాలని అనిపిస్తుందా నీకు?"

మా అత్త ఒక మాట అంటుంది, చావు పేరెత్తితే చావు గడపలోకి వస్తుందని. ఆ మాట అడిగేటప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. కాని అది ఇంతకు ముందే వచ్చి కూర్చొని ఉంటే, నేను పేరెత్తకపోతే లేచి పోతుందా?

ఆమె మగ్గం మీద పోగులు సర్దే పన్నె మీద చెయ్యి అట్లాగే పెట్టి ఉంచింది. "అప్పుడప్పుడు" అన్నది.

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"ఏడుపు రాదు వదినె. ఏడుపొస్తే బాగుండు. పొద్దుగాల కండ్లు తెరవంగనే, మల్ల తెల్లారిందా అనిపిస్తది. అన్నం మన్ను లెక్క ఉంటది. చేతులు ఆడుతుంటే జర నయం. చేతులు ఆపితే తలకాయల మాటలు మొదలైతయి. అందుకే గా అమావాస్య నాడు గూడ..."

"ఏం మాటలు?"

"నువ్వు లేకుంటే ఎవ్వరికి ఏం నష్టం, అని. బిడ్డకు పెండ్లయింది, దాని ఇంట్ల అది మంచిగున్నది. నేను లేకుంటే అందరికి జర అల్కగైతది, అని."

"ఎందుకట్ల? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వరేమన్నరు వదినె. ఏం లేదు. గదే నాకు సమజైతలేదు. ఏమన్న ఉంటే గిట్ల ఉన్న అని చెప్పుకుందును."

ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. పుస్తకాలు చదివినవాళ్ళు చెబుతారు. నాకు వచ్చిందే నేను చెప్పాను.

"నువ్వు పోతే మీ అమ్మను నేనొక్కదాన్నే భరించాలె. గంత అన్యాయం నాకెందుకు చేస్తవే?"

ఆమె నవ్వలేదు. నా మాట పోయి మగ్గం గుంటలో పడింది. ఇంకో మాట వేద్దామనుకొని, వేయలేదు. ఊరికే కూర్చున్నాను. నా జన్మలో నేను అంతసేపు నోరు మూసుకొని కూర్చున్నది లేదు. కాసేపటికి ఆమే అన్నది.

"అడగొచ్చా అడగొద్దా అని గూడ చూడకుండ అడిగినవ్. ఇంకెవ్వరు అడగలె. ఎవ్వరికి చెప్పకు వదినె."

"చెప్త" అన్నాను. "నా కడుపుల మాట దాగదని నీకు ఎరికే. ఒట్టు వెయ్యమంటే వెయ్య. అన్నకు చెప్త. నిన్ను దవాఖానకు తీస్కపోత. వీధిల చెప్ప, గంతే నేను చెయ్యగలిగింది."

"పిచ్చి దవాఖానకా?"

"పిచ్చిదానివైతే నాకు కొత్తగ చెప్పాల్నా? ఇన్నేండ్ల నుంచి చూస్తలేనా?"

దానికీ నవ్వలేదు. కాని వద్దు అని కూడా అనలేదు.

సాయంత్రం అన్న ఆటో ఆపిన చోటే పట్టుకొని చెప్పాను. ఆయన తాళం చెవి తిప్పి బండి స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆపాడు, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఎక్కడికీ పోయేది లేదు.

"నేనేం తప్పు చేసిన చెల్లె?"

"ఏం చెయ్యలే అన్న. గిది జ్వరమొచ్చినట్టు వస్తదంట, ఎవరి తప్పు కాదు. మిషిన్ చీర తెచ్చినవ్, గది వేరే తప్పు."

"గది మిషిన్ దా?" అన్నాడు. అంత దుఃఖంలో కూడా ఆయనకు దుకాణం వాడి మీద కోపం వచ్చింది. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

దవాఖానకు పోయేదాకా ఆమెను ఒంటరిగా ఉంచొద్దని అనుకున్నాం. పగలు నేను పని పెట్టుకొని పోయి కూర్చున్నాను. రాత్రిళ్ళు మా అత్తను, కాళ్ళు పట్టించుకోవాలనే వంకతో, కూతురి పక్కన పడుకోబెట్టాం. మా అత్త గురకకు ఆ ఇంట్లో ఎవరికీ చెడు ఆలోచన కాదు, ఏ ఆలోచనా రాదు.

గద్వాలలో చూపిస్తే వీధికి తెలుస్తుందని వనపర్తి పోదామన్నాం. అడిగినవాళ్ళకు కండ్ల డాక్టరు దగ్గరికి అని చెప్పాం. అది తెలివైన పని అనుకున్నాం. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా ఊరి ఆడవాళ్ళు ఇంట్లో నిలవడం లేదన్న సంగతి మరిచిపోయాం. బస్సు ఎక్కితే సగం గద్వాల అందులోనే ఉంది. "కండ్లా? ఏ కన్ను?" అని ఒకామె, "శుక్లాలా?" అని ఇంకొకామె. ఎర్రవల్లి చౌరస్తా వచ్చేసరికి నా ఆడబిడ్డ రెండు కండ్లకూ ఆపరేషన్ ఖాయం చేసేశారు. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణమ్మకు చిల్లర వేస్తుంటే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వదినె, చెయ్యి నొస్తుంది. జర వదులు" అన్నది.

వదలలేదు. పెబ్బేరు దాటినాకనే వదిలాను.

మనసు డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. మా పక్కన ముఖానికి కొంగు కప్పుకొని ఒకామె కూర్చొని ఉంది. కాసేపటికి నా ఆడబిడ్డ నన్ను మోచేత్తో పొడిచింది. చూస్తే మా వీధి చివర పిండి గిర్ని ఆమె. మమ్మల్ని చూసి ఆమె గబుక్కున, "కండ్లు చూపించుకుందామని వచ్చిన" అన్నది.

"మేము గూడ" అన్నాను.

ముగ్గురం ఎదురుగా ఉన్న బోర్డు చూశాం. అక్కడ కన్ను బొమ్మ లేదు.  గిర్ని ఆమె సంచిలో నుంచి సజ్జ రొట్టె తీసి మా ఇద్దరికీ తుంచి ఇచ్చింది. నా ఆడబిడ్డ ఆ ముక్క తిన్నది. నేను చూడనట్టు చూశాను.

డాక్టరు చిన్న వయసు ఆడపిల్ల. అది అడిగింది, ఇది అడిగింది, నిద్ర సంగతి అడిగింది. చివరికి, కూర వండావా అన్నంత మామూలుగా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుందా అని అడిగింది. నా ఆడబిడ్డ నా ముఖం చూసింది. తరువాత, "అవ్ మేడం, వస్తుంది" అన్నది. ఇది జబ్బే, తగ్గుతుంది, కాని తొందరపడితే కాదు, గోలీలు మధ్యలో ఆపొద్దు, ఆలోచన ఎక్కువైతే ఒక్కదానివే ఉండొద్దు, ఎవరినైనా పిలువు అని చెప్పింది ఆ పిల్ల. మళ్ళీ రమ్మన్నది.

ఇంటికొచ్చాక మా అత్తకు నిజం చెప్పక తప్పలేదు. "మనసుకు గోలీలేందే? మనసేమన్న పంటి నొప్పా?" అన్నది. కాని ఆ రోజు నుంచి పొద్దున లేవగానే, గోడ మీదుగా, "గోలీ మింగినవా?" అని అరిచేది ఆమే. వీధికి చెప్పొద్దని మేము పడ్డ కష్టమంతా ఆ ఒక్క అరుపులో పోయింది. అరిచిన తరువాత గిర్ని ఆమె ఇంట్లో కూడా ఎవరో గ్లాసులో నీళ్ళు పోసే చప్పుడు వస్తుందని మా ఇంటాయన అంటాడు. ఆయన అబద్ధాలు ఆయనవి.

మంచిగైందా అని అడుగుతారు. కొంచెం అయింది. గోలీలు మొదలుపెట్టిన కొత్తలో ఏమీ మారలేదు, నిద్ర మాత్రం పట్టింది. తరువాత అన్నం తినడం మొదలుపెట్టింది. మళ్ళీ ఒక వారం మొదటికి వచ్చింది. నేను రోజూ పోతాను. "ఎట్లున్నవ్" అని అడగను. దానికి అందరూ "బాగున్న" అనే చెబుతారు. "ఇయ్యాల వచ్చిందా గా ఆలోచన?" అని అడుగుతాను. రాలేదంటే నల్లా ముచ్చట్లు చెప్పుకుంటాం. వచ్చిందంటే కూర్చుంటాను.

మొన్న ఒక మధ్యాహ్నం పొయ్యి మీద జొన్నరొట్టె వేసి ఉన్నాను. గోడ అవతల నుంచి పిలుపు వచ్చింది. మెల్లగా, ఏ కష్టమూ లేనట్టు.

"వదినె, జర వస్తవా? ఒక్కదాన్నే ఉన్న."

ఎన్నడూ ఆమె పిలవలేదు. ఎప్పుడూ నేనే పోయేదాన్ని. పెనం అట్లాగే వదిలేసి పోయాను. ఆమె మగ్గం మీద లేదు. గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. నేనూ పక్కన కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. ఏమైంది అని అడగలేదు, ఆమె చెప్పలేదు. కొద్దిసేపటికి మా ఇంటి దిక్కు నుంచి మాడు వాసన వచ్చింది. దాని వెనకే మా అత్త గొంతు వచ్చింది.

"ఏడ వడ్డవే? రొట్టె బొగ్గయింది."

"పో వదినె, మా అమ్మ తిడుతుంది" అన్నది ఆమె.

"తిట్టనీ" అన్నాను.

ఆమె నా చీర చెంగు కింద నుంచి తన కాలు తీసుకొని, కొంచెం సర్దుకొని, నాకు చోటు చేసింది. పొగ గోడ దాటి వచ్చింది. మా అత్త ఇంకా తిడుతూనే ఉంది. మేమిద్దరం లేవలేదు.